నడి మైదానంలో తడి

కొత్త కోచ్ క్లబ్బులో అడుగుపెట్టిన రోజునే హన్మాండ్లు పెంచుకున్న పుంటికూరను వేళ్ళతో సహా పీకి పారేశాడు. ఆటగాళ్ళ పేర్లు తెలుసుకోకముందు, పెట్టిన ఖర్జూరం నోట్లో వేసుకోకముందు, ఆ పెద్దమనిషి చేసిన మొట్టమొదటి ఘనకార్యం అది.

సౌదీలోని హుఫూఫ్‌లో ఆ క్లబ్బు మైదానానికి ఉత్తరం వైపు గోలు వెనక, ఇనుప కంచె పొడవునా, రెండు సాళ్ళ పుంటికూర, అదే గోంగూర, ఉండేది. విత్తనాలు మెట్‌పల్లి నుంచి అతని గదిలోనే ఉండే సదానందం సంచీలో దాచుకొచ్చినవి. హన్మాండ్లు ఆ మైదానానికి కాపలాదారూ, తోటమాలీ, గడ్డి కోసేవాడూ, నీళ్ళు పెట్టేవాడూ, అన్నీ. మైదానానికి నీళ్ళు చిమ్మే గొట్టాల్లో ఒకదాని మూతి కొంచెం కంచె వైపు తిప్పి పెట్టాడు. గడ్డికి కాస్త, కూరకు కాస్త. పాత కోచ్‌లు చూసీ చూడనట్టు పోయేవాళ్ళు. వాళ్ళలో ఒకాయన పప్పులో వేసి పంపిస్తే గిన్నె నాకినంత పని చేశాడు కూడా.

ఈయన అట్లా కాదు. స్పెయిన్ దేశస్థుడు. బక్కపలచగా, నెరిసిన జుట్టుతో, కుడికాలు కొంచెం ఈడుస్తూ నడుస్తాడు. పేరు ఇగ్నాసియో బెర్రోకాల్. అది ఎవరి నోరూ తిరిగే పేరు కాదు గానీ, దాంతో ఎవరికీ పని పడలేదు. వాళ్ళ దేశంలో ఆటగాళ్ళు కోచ్‌ను ఉత్త ‘మిస్టర్’ అని పిలుస్తారట. ఇక్కడా అందరూ అట్లాగే పిలవాలన్నాడు. మిస్టర్ అన్న తర్వాత ఏదో ఒక పేరుండాలి గదా అని హన్మాండ్లుకు మొదట్లో ఎబ్బెట్టుగా ఉండేది. తర్వాత్తర్వాత ఆ ఖాళీలో అతను తనకు తోచిన మాటలు మనసులోనే చేర్చుకునేవాడు. అవి ఇక్కడ రాయదగ్గవి కావు.

ఆ మధ్యాహ్నం క్లబ్బును నడిపే ముదీర్ కొత్త కోచ్‌కు మైదానం చూపిస్తున్నాడు. వెనకాల ఆఫీసు పని చూసే జునైద్ ఉన్నాడు. బోధన్ మనిషి. ఇంగ్లీషు, అరబ్బీ, ఉర్దూ, తెలుగు, నాలుగూ వచ్చినవాడు కాబట్టి ఎవరు ఎవర్ని తిట్టాలన్నా మధ్యలో అతనే నిలబడాల్సి వచ్చేది. మిస్టర్ నడుస్తూ నడుస్తూ మూల దగ్గర ఆగాడు. బూటు బురదలో దిగబడింది. తలెత్తి చూస్తే కంచె వెంట ఎర్రటి కాడలు, పచ్చటి ఆకులు.

“వాట్ ఈజ్ దిస్?”

అడిగాడు గదా అని హన్మాండ్లు సంబరంగా ముందుకొచ్చాడు. “గుడ్ సాబ్, గుడ్, కిచెన్,” అంటూ ఐదు వేళ్ళూ నోటి దగ్గరికి చేర్చి చూపించాడు.

మిస్టర్ ఆ నొప్పికాలుతోనే కష్టపడి వంగాడు. ఒక మొక్క పీకాడు. ఇంకొకటి పీకాడు. అట్లా రెండు సాళ్ళూ పీకి కంచె అవతలికి విసిరేసి చేతులు దులుపుకున్నాడు. ఆటగాళ్ళంతా చూస్తున్నారు.

“గడ్డి నీళ్ళు గా చెట్లు తాగుతున్నయట,” అన్నాడు జునైద్ ఇబ్బందిగా. “ఇది ఫుట్‌బాల్ గ్రౌండా, మేకల దొడ్డా అని అడుగుతుండన్నా.”

“మేకల దొడ్డా?”

“నేనన్లేదన్నా. ఆయనన్నడు.”

హన్మాండ్లుకు ఒళ్ళు మండిపోయింది. కూర పోయినందుకు కాదు. కూర మళ్ళీ వేసుకోవచ్చు. తన పొలాన్ని పట్టుకొని మేకల దొడ్డి అన్నాడు.

అవును, అతనికది పొలమే. మెట్‌పల్లి దగ్గరి ఊళ్ళో అతనికుండిన పసుపు మడి రిజర్వాయరు కింద మునిగిపోయింది. అప్పుడతను ఖమీస్ ముషైత్‌లో బిల్డింగు పనిలో ఉన్నాడు. ఇనుప చువ్వల మీద కూర్చొని, భార్య అంజవ్వ పంపిన వీడియోలో చూశాడు. గట్లు లేవు, తాటిచెట్లు నడుముదాకా నీళ్ళల్లో ఉన్నాయి, మోటారు గది కప్పు మాత్రం పైకి కనబడుతోంది. ఆ పూట అన్నం ముట్టలేదు. తర్వాత కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మారి, హుఫూఫ్ ఖర్జూర తోటల్లో కొన్నాళ్ళు చేసి, ఈ క్లబ్బుకు వచ్చాడు. అప్పటికి మైదానం ఉత్త ఇసుక. గడ్డి పిలకలు తెప్పించి నాటమన్నారు. మిగతా కూలీలు ఎట్లా నాటాలో తెలియక దిక్కులు చూస్తుంటే, హన్మాండ్లు తాడు పట్టి, వంగి, వరినాటు వేసినట్టు ఆ చివర నుంచి ఈ చివరికి వెనక్కి వెనక్కి నాటుకుంటూ పోయాడు. ఆ గడ్డి పచ్చబడ్డ రోజు అంజవ్వకు ఫోనులో చూపించి, “గిదే ఇగ మన పొలం,” అన్నాడు. నవ్వులాటకే అన్నాడు. కానీ ఆ తర్వాత ఫోను చేసినప్పుడల్లా ఆవిడ ముందు అడిగేది ఒకటే. “పొలం ఎట్లున్నది?”

కాబట్టి మేకల దొడ్డి అన్న మాట లోపల ముల్లులా దిగింది. దిగింది దిగినట్టే ఉండిపోయింది.

ఆ మీదట రోజూ యుద్ధమే. మిస్టర్‌కు గడ్డి పొట్టిగా, తడిగా ఉండాలి. తడి గడ్డి మీద బంతి జారినట్టు పోతుందనీ, తన ఆటంతా ఆ జారుడు మీదనే ఉందనీ ఆయన వాదం. హన్మాండ్లుకేమో పచ్చగా ఎదిగిన దాన్ని బోడిగుండు కొట్టించడానికి చేతులు రావు. అంతకు కొయ్యమంటే ఇంకొంచెం పైకి మిషను పెట్టి కోసేవాడు. మిస్టర్ జేబులోంచి చిన్న ఉక్కు స్కేలు తీసి నేలకు గుచ్చి, అక్కణ్ణుంచే అరవడం మొదలుపెట్టేవాడు. ఆయన అరుపులకు తాత్పర్యం చెప్పడానికి జునైద్ పరుగెత్తుకొచ్చేసరికే హన్మాండ్లుకు సగం అర్థమైపోయేది. తిట్లకు తర్జుమా ఎందుకు?

ఒక సాయంత్రం మిస్టర్ అతన్ని నడి మైదానంలో నిలబెట్టాడు. దూరం నుంచి బంతిని మెల్లగా తన్నాడు. అది వచ్చి వచ్చి హన్మాండ్లు కాళ్ళకు కొంచెం దూరంలో ఆగిపోయింది. “సీ?” అన్నాడు. మళ్ళీ తన్నాడు. మళ్ళీ ఆగింది. “సీ?” ప్రతిసారీ హన్మాండ్లే ఆ బంతిని తీసుకెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాలి. ఆటగాళ్ళు గొల్లున నవ్వారు. ఆడుకునే కుక్కపిల్లను చేశాడని హన్మాండ్లుకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి గదిలో సదానందం పెట్టిన అన్నం కూడా సహించలేదు.

“పోనియ్యరాదు బావా,” అన్నాడు సదానందం. “కోచ్‌లు అస్తరు, పోతరు. నువ్వు గీడనే ఉంటవు.”

“ఉండనిస్తడా వాడు?”

“ఓడిపోతే వాన్నే పంపిస్తరు. గెల్వకుండ సూడుమని ఆ దేవునికి మొక్కుకో.”

దేవుడు ఆ మొక్కు విన్నట్టు లేదు. క్లబ్బు గెలవడం మొదలుపెట్టింది. ఊరి జనం ఎప్పుడూ చూడని ఆట అది. బంతి నేలను వదలదు. ఒకడి కాలు నుంచి ఇంకొకడి కాలికి, అక్కణ్ణుంచి నడిమి ఆటగాడు సమీర్‌కు. సమీర్ తల కూడా తిప్పకుండా దాన్ని ఎవరూ ఊహించని చోటికి పంపేవాడు. సమీర్‌ను మిస్టర్ పొద్దస్తమానం రాచి రంపాన పెట్టేవాడు, కానీ అతని ఒక్కడి భుజం మీద మాత్రమే చెయ్యి వేసేవాడు.

“సమీర్ గట్ల ఆడుతుండంటే గది మిస్టర్ ఆటనే అన్నా,” అన్నాడు జునైద్ ఒక రోజు క్యాంటీనులో చాయ్ తాగుతూ. ఫోను తీసి ఒక పాత వీడియో చూపించాడు. వాన పడుతోంది. బక్కపలచటి కుర్రాడొకడు నడి మైదానంలో నిలబడి ఉన్నాడు. చుట్టూ నలుగురు మీద పడుతున్నారు. వాడు పరుగెత్తడు, తోసుకోడు. బంతిని ఒక్కసారి ఆపి, ఒక్కసారి తాకాడు. అది ఆ నలుగురి మధ్య నుంచి పాములా వెళ్ళిపోయింది.

“గీయినేనా?”

“గీయినే. వాళ్ళ దేశంల ఉత్తరం దిక్కు, ఎప్పుడు వాన పడే ఊరట. చిన్నప్పటి నుంచి అదే టీమ్‌ల ఆడిండు. పెద్ద పెద్ద క్లబ్బులోళ్ళు పిలిస్తే కూడ పోలేదట. మోకాలు పోయినంక ఆట బంద్ అయింది. మేనేజర్ అయిండు. ఒక చిన్న టీమ్‌ను పైకి తెచ్చిండు. ఆ మరుసటేడే వాళ్ళే తీసేసిండ్రు. ఇగ గ్రీసు పోయిండు, చైనా పోయిండు, ఖతర్ పోయిండు. ఎక్కడ పోయినా గడ్డి కోసం లొల్లి. ఎక్కడ పోయినా తీసేసుడే.”

“మనకంటే ఎక్కువ దేశాలు తిరిగిండు గదా,” అన్నాడు హన్మాండ్లు. జాలి కాదది, వెక్కిరింత.

ఒక్క అలవాటు మాత్రం హన్మాండ్లును కలవరపెట్టేది. ప్రతి ఆటకు ముందు, జనం రాకముందు, మిస్టర్ ఒక్కడే నడి మైదానంలోకి నడిచేవాడు. ఆ కాలును పక్కకు చాపి, కష్టపడి వంగి, అరచెయ్యి గడ్డి మీద ఆనించేవాడు. కాసేపు అట్లాగే ఉంచి, ఆ తడిచేతిని తుడుచుకోకుండా నెత్తిమీద రాసుకునేవాడు. హన్మాండ్లు తాత పసుపు మడిలో మొదటి తడి పెట్టినప్పుడు అచ్చం ఇదే పని చేసేవాడు. శత్రువులో సొంతవాళ్ళ పోలిక కనిపిస్తే ఎవరికి మాత్రం బాగుంటుంది? హన్మాండ్లు మొఖం తిప్పుకునేవాడు.

సీజను చివరికొచ్చింది. ఇంకొక్క ఆట. అది గెలిస్తే క్లబ్బు పై డివిజనుకు పోతుంది. ఆ వారంలోనే ముదీర్‌తో పాటు ముగ్గురు కొత్తవాళ్ళు వచ్చి మైదానాన్ని టేపులతో కొలిచారు. అడ్డం కొలిచారు, పొడుగు కొలిచారు, మూలల్లో మట్టిని బూటుతో పొడిచి చూశారు. మిస్టర్ వరండాలో నిలబడి చేతులు కట్టుకొని చూస్తున్నాడు. మొఖం ధుమధుమలాడుతోంది. ఎవరు వాళ్ళు అని అడిగితే జునైద్ నీళ్ళు నమిలాడు.

“దమ్మామ్ కంపెనీ వాళ్ళన్నా. గ్రౌండ్ పని వాళ్ళకిస్తరేమో. నాకు పూర్తిగ తెల్వదు.”

“కంపెనీకిస్తే మరి నేను?”

జునైద్ చాయ్ కప్పులోకి చూశాడు. “చెప్పొద్దనుకున్న. ఈ ఆట గెలిస్తే మిస్టర్‌కు రెండేండ్ల కాంట్రాక్ట్. ‘దాని మీద సంతకం పెట్టంగనే ముందు ఆ గడ్డి మనిషికి ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలుండ్రి’ అని ముదీర్ ముంగటనే అన్నడు మిస్టర్. నేనే తర్జుమా చేసిన.”

“ఓడిపోతే?”

“ఓడిపోతే ఆయనకే ఎగ్జిట్.”

అంతే లెక్క. ఇద్దరిలో ఒకడే మిగులుతాడు. హన్మాండ్లు ఆ రోజే, ఈ దేశంలో ఉండనిచ్చే అకామా కార్డు సంగతి తేల్చుకుందామని ముదీర్ గదికి వెళ్ళాడు. గుమ్మం లోపల నేల మీద పచ్చటి చాప ముక్క ఒకటి పడి ఉంది. మైదానం నుంచి వచ్చిన కాళ్ళు కదా, పెద్దల గదిలోకి మట్టితో పోతే బాగుండదని, రెండు కాళ్ళూ దాని మీద శుభ్రంగా తుడుచుకున్నాడు. ముదీర్ గయ్యిమన్నాడు. ఆ ముక్కను లాక్కొని, దులిపి, బల్ల మీద భద్రంగా పెట్టుకున్నాడు. కాళ్ళు తుడిచే పట్టా మీద కాళ్ళు తుడుచుకున్నందుకు తిట్టే మనుషులు కూడా ఉంటారా అని హన్మాండ్లు బిత్తరపోయి, వచ్చిన పని చెప్పకుండానే వెనక్కి వచ్చేశాడు.

ఆటకు రెండు రోజుల ముందు నడి మైదానంలో నీళ్ళ గొట్టమొకటి నిజంగానే మొరాయించింది. హన్మాండ్లు దాన్ని విప్పి ఇసుక దులుపుతున్నాడు. మిస్టర్ చూశాడు. చూడగానే ఆయనకు ఏదో పూనినట్టయింది. కుంటుకుంటూ వచ్చి, పాంటు కాలు మోకాలి పైదాకా లాగి, కుట్ల మచ్చలు చూపిస్తూ ఏకబిగిన మాట్లాడసాగాడు. సగం ఇంగ్లీషు, సగం వాళ్ళ భాష. జునైద్‌కు అందుకోవడమే కష్టమైంది.

“ఇది సూడుమంటుండన్నా. నీ అసుంటోడే చేసిండట. వేరే ఊర్ల మ్యాచ్. ఈయన టీమ్‌ను ఆడనియ్యొద్దని అక్కడి గ్రౌండ్ మనిషి నడిమిట్ల నీళ్ళు బంద్ పెట్టిండట. సుట్టూర తడి, నడిమిట్ల పొడి. పైకెళ్ళి సూస్తే అంత ఒక్క తీరుగనే పచ్చగ కొడ్తది, ఎవలికి తెల్వదు. బంతి తనదాక అస్తదని ఈయన అడుగేసిండు. బంతి నడుమనే ఆగింది. బూటు పొడి నేలల ఇరుక్కున్నది, పైకెళ్ళి ఇంకొకడు పడ్డడు.” జునైద్ గొంతు తగ్గించాడు. “ఆ మనిషి ఎవ్వడో కూడ సూడలేదట. కానీ గడ్డి కోసెటోన్ని ఎవర్ని సూసినా వాడే యాదికొస్తడట. ఈ నడిమి జాగ ఆటకు గుండెకాయ, దాన్ని ఎండబెట్టినోడు మనిషి కాదంటుండు.”

మిస్టర్ పాంటు దించుకొని వెళ్ళిపోయాడు. కళ్ళల్లో తడి ఉందో, కోపమే ఉందో చెప్పడం కష్టం.

మంచి మనసున్న మనిషైతే ఈ కథ విని కొంచెం కరగాలి. హన్మాండ్లు కరగలేదు. వినబుద్ధి కాకపోయినా విన్నాడు. విన్నదంతా దాచుకున్నాడు. తన కూర పీకినవాడు, బంతి తెచ్చే కుక్కను చేసినవాడు, తన పొలం నుంచి తనను వెళ్ళగొట్టబోతున్నవాడు, తన ప్రాణం ఎక్కడుందో తన నోటితోనే చెప్పిపోయాడు. ఇంతకంటే అదృష్టం ఏముంటుంది? ఆ రాత్రి హన్మాండ్లు చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

మరుసటి రోజు నడి మైదానానికి పోయే వాల్వు కట్టేశాడు.

చుట్టూరా నీళ్ళు పెట్టాడు. రెండు గోల్‌పోస్టుల దగ్గరా పెట్టాడు. అంచుల్లో సమృద్ధిగా పెట్టాడు. నడుమ మాత్రం మిషను కొంచెం పైకెత్తి కోసి, ఎండకు వదిలేశాడు. ఎడారి మీద నుంచి వడగాలి వీస్తోంది. దానికి ఒక్క పగలు చాలు. తన చేతుల్తో నాటిన పిలకలు, దాహమేస్తే ఆకు ముడుచుకుంటాయని అతనికి తెలుసు. ముడుచుకున్నాయి. అటు చూడకుండా పని చేసుకున్నాడు. పంటను ఎండబెట్టడం అతని వంశంలో ఎవరూ చెయ్యని పని. ఒక్క తడికి మళ్ళీ లేస్తుందిలే, నేనుంటే కదా దానికి తడి పెట్టేది అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఆట రోజున అతని భయమంతా ఒక్కటే. మిస్టర్ వచ్చి అరచెయ్యి ఆనిస్తే దొరికిపోతాడు. కానీ మిస్టర్ రాలేదు. ముదీర్ గది తలుపు మూసి ఉంది. లోపల నుంచి మిస్టర్ కేకలు వరండా దాకా వినబడుతున్నాయి. బల్ల మీద గుద్దిన చప్పుడు కూడా వినబడింది. తన ఎగ్జిట్ గురించే కొట్లాడుతున్నాడేమో, ఆట దాకా కూడా ఆగలేకపోతున్నాడేమో అనుకొని హన్మాండ్లు పళ్ళు నూరాడు. మిస్టర్ బయటికొచ్చేసరికి జనం నిండిపోయారు, ఆటగాళ్ళు మైదానంలోకి దిగారు. చెయ్యి ఆనించే వేళ దాటిపోయింది.

మొదట్లో బాగానే ఉంది. అంచుల వెంట బంతి జరజరా పోయింది. జనం ఊగిపోయారు. తర్వాత బంతి నడుమకొచ్చింది. సమీర్ ఎప్పటిలాగే తల తిప్పకుండా పంపాడు. అది సగం దూరం పోయి, అలసిపోయినట్టు నెమ్మదించింది. అవతలి జట్టువాడు దారిన పోయే వస్తువును ఏరుకున్నట్టు దాన్ని తీసుకొని పోయాడు. సమీర్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. మళ్ళీ పంపాడు. మళ్ళీ ఆగింది. మూడోసారి ఆగిన బంతిని అవతలివాళ్ళు అందుకొని నేరుగా వీళ్ళ గోలులోకే కొట్టారు.

మిస్టర్ గీత దగ్గరికి వచ్చి పిచ్చిపట్టినవాడిలా చేతులు ఊపుతున్నాడు. “వాటర్! వాటర్!” విరామంలో హన్మాండ్లు నీళ్ళు వదిలాడు. చుట్టూ గొట్టాలు లేచి చిమ్మాయి. నడిమివి లేవలేదు. జునైద్ పరుగెత్తుకొచ్చాడు.

“అన్నా, నడిమిట్ల అస్తలేవు!”

“ఇసుక వడ్డది. మొన్న సూడలేదా నువ్వు? ఏం జెయ్యాలె నేను?”

జునైద్ అతని మొఖంలోకి చూశాడు.

క్లబ్బు ఓడిపోయింది. జనం కుర్చీల మీది అట్టలు మైదానంలోకి విసిరి, ముదీర్‌ను తిట్టి, మిస్టర్‌ను తిట్టి, సమీర్‌ను తిట్టి వెళ్ళిపోయారు. గడ్డి మనిషిని తిట్టాలని ఎవరికీ తోచలేదు. హన్మాండ్లు ఒక మూల నిలబడి అట్టలు ఏరుతున్నాడు. గెలిచినట్టే ఉంది. నోట్లో మాత్రం చేదుగా ఉంది.

అప్పుడు మిస్టర్ వచ్చాడు. ఖాళీ మైదానం మధ్యకు నడిచి, కాలు చాపి, వంగి, అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. లేచి హన్మాండ్లు దగ్గరికి వచ్చి, ఆ అరచెయ్యి అతని మొఖం ముందు పెట్టాడు. పొడిగా ఉంది. రెండు ముడుచుకున్న గడ్డిపరకలు అంటుకొని ఉన్నాయి. జునైద్‌ను పిలిచి నెమ్మదిగా, మొట్టమొదటిసారి అరవకుండా, రెండు మాటలు చెప్పాడు.

హన్మాండ్లు జునైద్ వైపు తిరిగాడు.

“ఏమంటుండు?”

“అప్పుడు ఆ మనిషి మొఖం సూడలేదట. ఇయ్యాల సూసిండట.” అన్నాడు జునైద్. “నిన్ను తియ్యొద్దని ముదీర్‌కు తనే చెప్పి పోతడట. గీ గ్రౌండ్‌ల నువ్వే ఉండాలెనట.”

హన్మాండ్లు మొదట నమ్మలేదు. తర్వాత, భయపడ్డాడురా వీడు అనుకున్నాడు. ఆ తర్వాత ఏమనుకోవాలో తెలియలేదు. మిస్టర్ అప్పటికే వెళ్ళిపోతున్నాడు, కాలు ఈడుస్తూ, వెనక్కి చూడకుండా. మరునాడు ఆయన సూటుకేసులు కారెక్కాయి. పీడ విరగడైందన్నాడు సదానందం. హన్మాండ్లు ఆ సాయంత్రమే వాల్వు విప్పాడు. నడుమ గొట్టాలు లేచి చిమ్ముతుంటే ఆ నీళ్ళల్లో నిలబడి, “తాగు బిడ్డా, తాగు,” అన్నాడు గడ్డితో. మూడో రోజుకు ఆకులు విప్పుకున్నాయి. కంచె వెంట మళ్ళీ పుంటికూర విత్తనాలు చల్లాడు.

మొలక రాకముందే మిషన్లు వచ్చాయి.

దమ్మామ్ కంపెనీ వాళ్ళే. టేపులతో కొలిచిన ఆ ముగ్గురే. జేసీబీ ఆ చివర నుంచి గడ్డిని చాప చుట్టినట్టు పెళ్ళగించుకుంటూ వచ్చింది. హన్మాండ్లు చేతిలో పైపు వదిలేసి దానికి అడ్డంగా పరుగెత్తాడు. డ్రైవరు హారను కొట్టాడు. జునైద్ వచ్చి భుజం పట్టుకొని పక్కకు లాగాడు.

“ఏందిది జునైద్ భాయ్? ఏందిది?”

“ప్లాస్టిక్ గడ్డి వేస్తరన్నా. నీళ్ళ ఖర్చు ఉండది, కోసే పని ఉండది. ముదీర్ ఏడాది సంది అదే అనుకుంటున్నడట.”

“మరి కోసెటందుకు కంపెనీకిస్తున్నమంటివి?”

“నేను గట్లనే అనుకున్న. ఆట రోజు ముదీర్ గదిల నన్ను కూసోబెట్టినప్పుడే అసలు సంగతి తెలిసింది.” జునైద్ జేసీబీ వైపు చూస్తూ చెప్పాడు. “ప్లాస్టిక్ మీద తన టీమ్ కాలు పెట్టదని మిస్టర్ బల్ల గుద్దిండు. గెలిస్తే రెండేండ్ల కాంట్రాక్ట్‌ల ముందుగాల గదే రాయిస్తనన్నడు, తను ఉన్నన్ని రోజులు గీడ అసలు గడ్డే ఉండాలెనని. గెలిస్తే ఒప్పుకుంటనని ముదీర్ మాటిచ్చిండు. నిన్ను తీసేస్తనన్నది నిజమే. కానీ గడ్డిని ముట్టనియ్యనన్నోడు కూడ ఆయనొక్కడే.”

హన్మాండ్లుకు ముదీర్ గదిలో తాను కాళ్ళు తుడుచుకున్న పచ్చటి ముక్క గుర్తుకొచ్చింది. అది కాళ్ళు తుడిచే పట్టా కాదు, ఈ ప్లాస్టిక్ గడ్డికే మచ్చు ముక్క. మిస్టర్ చెప్పిన రెండో మాట కూడా అప్పుడు అర్థమైంది. అది క్షమాపణ కాదు, భయం కాదు. పొలం ఉండదు, నువ్వు మాత్రం ఉండు అన్నాడు. అంతకంటే పెద్ద శిక్ష ఆ కుంటివాడికి తట్టి ఉండదు. వాణ్ణి తిట్టబోతే తిట్టు రాలేదు. తిట్టాల్సినవాడు ఎవడో తెలిసిపోయింది కాబట్టి.

పిలకలన్నీ కంచె అవతల, అప్పట్లో పుంటికూర పడ్డ చోటనే, కుప్ప పోశారు. రెండు రోజుల్లో ఎండి గడ్డివాము రంగుకు తిరిగాయి. మైదానంలో చుట్టలు చుట్టలుగా పచ్చటి పట్టా పరిచి, అతికించి, పైన నల్లటి రబ్బరు గుండ చల్లారు. ముదీర్ మిస్టర్‌కిచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. హన్మాండ్లు అకామా కొత్తగా చేయించాడు. ప్లాస్టిక్ పోచలు దువ్వడానికి ఒక పెద్ద బ్రష్షు చేతికిచ్చాడు.

కొత్త సీజను మొదటి ఆట రోజున, ఆటగాళ్ళు దిగకముందే, జునైద్ వరండా నుంచి పిలిచాడు. గొంతు మామూలుగా ఉంచడానికి పాపం చాలా ప్రయత్నించాడు.

“అన్నా, ఎండకు ప్లాస్టిక్ కాలుతున్నదట. సమీర్ వాళ్ళకు అరికాళ్ళు మండుతున్నయట. నీళ్ళు కొట్టుమంటుండు ముదీర్.”

“దేనికి కొట్టాలె?”

“గడ్డికే అన్నా.”

హన్మాండ్లు పైపు పట్టుకొని నడి మైదానంలోకి వెళ్ళాడు. నీళ్ళు వదిలాడు. నీళ్ళు లోపలికి ఇంకలేదు. పట్టా మీద కాసేపు నిలబడి, ఆవిరి లేచి, రబ్బరు వాసన కొట్టింది. ఒక్కసారి వంగి అరచెయ్యి ఆనించాడు. చుర్రుమంది.

జేబులో ఫోను మోగింది. అంజవ్వ వీడియో కాలు. తియ్యకూడదనుకున్నాడు, తీశాడు.

“చాన రోజులాయె సూపెట్టక. ఏదీ, పొలం ఎట్లున్నది?” అన్నది ఆవిడ.

అతను ఫోనును అటు తిప్పాడు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూపించాడు. అంజవ్వ మొఖం విచ్చుకుంది.

“అబ్బ! ఒక్క ఎండిన గడ్డిపోస లేదు గదనయ్యా. ఎన్నడు ఇంత పచ్చగ లేకుండె మన పొలం,” అన్నది మురిసిపోతూ. “ఇంకిన్ని నీళ్ళు పెట్టు.”

హన్మాండ్లు పెట్టాడు.